కంప్యూటర్ రాకనా, చదువు నచ్చకనా?

చెన్నైలో పీజీ చదివే తెలుగు విద్యార్థులు ఆన్‌లైన్ తరగతులంటే ముఖం చిట్లించినప్పుడు, వారికి కంప్యూటర్ సరిగా రాదని పెద్దలు తేల్చేయడం పరిపాటి. ఆ మాటలో నిజం కొంతే ఉంది; ఎందుకంటే ఈ నగరంలో దూరవిద్యా, కంప్యూటర్ విద్యా చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి.

మద్రాసు విశ్వవిద్యాలయం 1981లో కరెస్పాండెన్స్ విద్యాసంస్థను ప్రారంభించేనాటికి దూరవిద్య అంటే తపాలాలో వచ్చే అచ్చు పాఠాలే. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ అందించిన తొలి నగరాల్లో చెన్నై ఒకటైనా, అది సాహిత్య, చరిత్ర విభాగాల విద్యార్థి బల్ల మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. తెలుగు పరిశోధకుడి సంగతి మరీ విచిత్రం. సిద్ధాంత వ్యాసాన్ని చేత్తో రాసి డీటీపీ సెంటరులో ఇస్తే, అక్కడివారు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లలో కొట్టి ఇచ్చేవారు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపించేవి. కీబోర్డు తాకకుండానే డాక్టరేట్ పొందే వీలున్నచోట నైపుణ్యం ఎవరికి కావాలి?

ఇంతలో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల పథకాన్ని మొదలుపెట్టాయి. మద్రాసు ఐఐటీ సమన్వయంతో సాగిన ఆ పాఠాలకు 2014 నుంచి సర్టిఫికెట్లూ వచ్చాయి. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. ఆ కోర్సుల ద్వారా 20 శాతం వరకే క్రెడిట్లు పొందనిచ్చిన విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. ఇష్టపడి వినే పాఠం మార్కులకు లెక్కయ్యే పాఠంగా మారడంతో విద్యార్థి వైఖరి కూడా మారిందని నా అభిప్రాయం.

2020 మార్చి లాక్‌డౌన్‌తో ఎంపికన్నదే లేకుండా పోయింది. మరుసటి ఏడాది మొదట్లో తమిళనాడు ప్రభుత్వం కళాశాల విద్యార్థులకు రోజుకు 2 జీబీ డేటా కార్డులు ఉచితంగా ఇచ్చింది. డేటా వచ్చింది సరే, చాలామంది చేతిలో ఉన్నది ఫోనే. ఇరుకు గదిలో నలుగురి మధ్య చిన్న తెర మీద పాఠం విన్నవారు విసిగితే, ఆ విసుగును నైపుణ్యలోపం కింద రాయడం న్యాయం కాదు.

వైఖరులను కొలిచే పద్ధతుల్లోనూ ఈ చిక్కు ఉంది. లాయిడ్, గ్రెసార్డ్ అనే పరిశోధకులు 1984లో రూపొందించిన కొలమానం కంప్యూటర్ పట్ల భయాన్నీ, ధీమానూ, ఇష్టాన్నీ విడివిడిగా చూసింది. ఒక సాంకేతికతను మనిషి స్వీకరించడం అది ఉపయోగపడుతుందన్న నమ్మకం మీదా, వాడటం తేలికన్న భావన మీదా ఆధారపడుతుందని పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో వాదించాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే కీబోర్డు ఉన్న యంత్రం. ఇప్పుడు కంప్యూటర్ వచ్చా అని అడిగితే, ఫోను ధారాళంగా వాడే విద్యార్థి వచ్చుననే చెబుతాడు. ఫోనులో క్షణాల్లో తెలుగు కొట్టే అతడే భారతీయ భాషల ప్రామాణిక అమరికైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందు అక్షరం కోసం వెతుక్కుంటాడు. సిద్ధాంత వ్యాసం వేళకు మళ్లీ డీటీపీ సెంటరు మెట్లెక్కుతాడు.