హిమానీనదం చూడ్డానికి వెళ్లి బురద తవ్వుకొచ్చారు

2019 జనవరి చివర్లో చిలీ దక్షిణ కొసన ఉన్న పుంటా అరేనాస్ రేవు నుంచి నథానియల్ బి. పామర్ అనే నౌక బయల్దేరింది. మంచును పగలగొట్టుకుంటూ పోగల పరిశోధన నౌక అది. పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం దాని గమ్యం. శాస్త్రవేత్తలతో పాటు ఒక రచయిత్రి, కొందరు విలేకరులు కూడా ఎక్కారు. రచయితల్నీ కళాకారుల్నీ అంటార్కిటికాకు పంపడానికి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నడిపింది.

అలాంటి నౌకలో ఒక్కో పడకకూ పోటీ ఉంటుంది. మరి పరికరం పట్టడం రానివాళ్లకు అందులో చోటెందుకు? మంచు కరుగుతోందన్న వార్త మనకు అంకెల్లోనే అందుతుంది. ఆ అంకె ఎవరి చేతుల్లో, ఎంత తంటాలు పడి పుట్టిందో పరిశోధన పత్రంలో కనిపించదు. దాన్ని చూసి చెప్పే మనిషి ఒకరుండాలి.

థ్వైట్స్ సముద్రాన్ని తాకేచోట దాదాపు 120 కిలోమీటర్ల వెడల్పుంటుంది. విస్తీర్ణం సుమారు 1,92,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు బ్రిటన్ అంత. ఇది మొత్తం కరిగితే ప్రపంచ సముద్రమట్టం దాదాపు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇప్పుడు ఏటా పెరుగుతున్న మట్టంలో 4 శాతం ఈ ఒక్క హిమానీనదం పుణ్యమే.

పామర్ ఫిబ్రవరి చివరికి గానీ థ్వైట్స్ ముందుకు చేరలేదు. దారిలో ఒకరికి ఆరోగ్యం దెబ్బతినడంతో బ్రిటన్ వాళ్ల రోథెరా పరిశోధన స్థావరం వైపు మళ్లాల్సి వచ్చింది. అదే యాత్రలో కొందరు దీవుల్లో సీల్ జంతువుల తలకు చిన్న సెన్సర్లు అతికించారు. సీల్ మునిగినప్పుడల్లా సెన్సర్ నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తుంది. పైకి తేలినప్పుడు ఉపగ్రహానికి పంపుతుంది. ఏటా బొచ్చు రాలేటప్పుడు అదీ ఊడిపోతుంది. జీతం లేని సహాయకులన్నమాట.

డెక్ మీద నిలబడితే ఎదురుగా కనిపించేది తెల్లటి మంచు గోడ. ఫొటోలకు బాగుంటుంది కానీ అసలు కథ అక్కడ లేదు, దాని అడుగున ఉంది. అంటార్కిటికా చుట్టూ లోతుల్లో తిరిగే ఉప్పటి నీరు సముద్రగర్భంలోని లోయల వెంట థ్వైట్స్ కిందికి చేరుతుంది. దాని వేడి సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూ. మనకు అది గడ్డకట్టించే చలి. కానీ అంత లోతులో, అంత ఒత్తిడిలో, ఉప్పునీటిలో మంచు సున్నాకు రెండు డిగ్రీలకు పైగా కిందే కరుగుతుంది. కాబట్టి మంచు లెక్కలో అది వేడినీళ్లే. పైగా థ్వైట్స్ కూర్చున్న నేల సముద్రమట్టం కంటే కిందుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లమవుతుంది. అందువల్ల మంచు నేలను వదిలి తేలడం మొదలయ్యే అంచు వెనక్కి జరిగేకొద్దీ మరింత మందమైన మంచు నీటికి ఎదురుపడుతుంది. అలా సముద్రంలోకి జారే మంచు పెరుగుతూ పోతుంది.

ఆ అడుగుభాగాన్ని కొలవడానికి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ‘రాన్’ అనే జలాంతర రోబోను తెచ్చారు. నీటిలో జీపీఎస్ పనిచేయదు. ఒకసారి మంచు కిందికి దూరాక అది తిరిగొచ్చేదాకా పైనున్నవాళ్లకు టెన్షనే. రాన్ సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో తీసిన సముద్రగర్భం పటంలో 160కి పైగా సమాంతర గట్లు బయటపడ్డాయి. ఒక్కోటీ మీటరు ఎత్తైనా లేదు. పోటు వచ్చినప్పుడు హిమానీనదం అంచు కాస్త లేచి, ఆటు సమయంలో మళ్లీ నేలను నొక్కడం వల్ల ఏర్పడ్డ గుర్తులవి. చెట్టు కాండంలో ఏడాదికో వలయం పడ్డట్టు, ఇక్కడ రోజుకో గట్టు పడింది. గట్ల మధ్య దూరాన్ని బట్టి, గత రెండు శతాబ్దాల్లో ఎప్పుడో ఆరు నెలల లోపు కాలంలో ఆ అంచు ఏడాదికి 2.1 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోయిందని లెక్క తేలింది. 2011-2019 మధ్య ఉపగ్రహాలు చూసిన అత్యధిక వేగానికి ఇది రెట్టింపు.

ఇక బురద సంగతి. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. బరువైన గొట్టాన్ని ఉక్కు తాడుకు కట్టి వందల మీటర్ల కిందికి దించుతారు. అది సముద్రగర్భంలో దిగబడి, లోపల మట్టి నింపుకుని పైకొస్తుంది. పొరలు చెదరకుండా ఆ మట్టిని నిలువునా చీల్చి, సన్నటి ముక్కలుగా కోసి, సంచుల్లో వేసి పేర్లు రాసుకుంటారు. కింద గులకరాళ్లు కలిసిన ముతక మట్టి ఉంటే, అప్పట్లో మంచు అక్కడ నేలను ఆనుకుని ఉందన్నమాట. దాని మీద మెత్తటి ఒండ్రు మొదలైందంటే మంచు లేచి నీళ్లు చేరాయని అర్థం. ఎప్పుడు లేచింది? గాలిలోంచి రాలి బురదలో కలిసే సీసం-210 అనే రేడియోధార్మిక పదార్థం ప్రతి 22 ఏళ్లకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే గత వందేళ్ల పైచిలుకు కాలానికి తేదీలు దొరుకుతాయి.

ఆ యాత్రలో తెచ్చిన బురదపై ఫలితాలు 2024లో వచ్చాయి. థ్వైట్స్ గణనీయంగా వెనక్కి తగ్గడం 1940లలో మొదలైంది. పక్కనున్న పైన్ ఐలండ్ హిమానీనదం కూడా అప్పుడే కదిలింది. 1939-42 నాటి బలమైన ఎల్‌నినో (పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కడం) వాటిని కదిలించి ఉండవచ్చని పరిశోధకుల అంచనా. ఎల్‌నినో రెండు మూడేళ్లలో పోయింది, థ్వైట్స్ మాత్రం మళ్లీ కోలుకోలేదు. ఒకసారి అంచు పట్టు తప్పితే, తోసిన కారణం తొలగినా మంచు ఆగదన్న మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది!

అలాగని రేపే కూలిపోతుందనడమూ సరికాదు. నిటారు మంచు కొండలు ఒకదాని వెంట ఒకటి విరిగిపడి ఈ శతాబ్దంలోనే థ్వైట్స్ కుప్పకూలుతుందన్న భయం ఉండేది. 2024లో వచ్చిన మరో కంప్యూటర్ నమూనా అధ్యయనం ఆ అవకాశం తక్కువంది. అదే ఏడాది, అమెరికా-బ్రిటన్ ఉమ్మడి థ్వైట్స్ పరిశోధన బృందం మాత్రం ఈ శతాబ్దంలోనూ వచ్చే శతాబ్దంలోనూ వెనకడుగు వేగం పెరుగుతుందని తేల్చింది.

రాన్ 2024 జనవరిలో అంటార్కిటికాలోనే నీటిపై తేలే డాట్సన్ మంచు ఫలకం కిందికి వెళ్లి తిరిగి రాలేదు. 2025లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తన బడ్జెట్‌లో పామర్ లీజును ముగించాలని ప్రతిపాదించింది. హిమానీనదం వేగం పెరుగుతుందని లెక్కలు కట్టి, దాని దగ్గరికి పోగల నౌకనే వదులుకోవడంలో తర్కం నాకైతే బోధపడలేదు.