ఎనిమిది రోజుల ముందు ప్రత్యర్థి మారితే

2012 ఆగస్టు చివరి వారం. సెప్టెంబర్ 1న లాస్ వేగాస్‌లో జరగాల్సిన యూఎఫ్‌సీ 151 పోటీలకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే ఎంఎంఎ పోరాటాలు నడిపే సంస్థ యూఎఫ్‌సీ. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ జోన్స్‌తో తలపడాల్సిన డాన్ హెండర్సన్‌కు మోకాలు దెబ్బతింది. నిర్వాహకులు చేల్ సానెన్‌ను అడిగితే అతను వెంటనే ఒప్పుకున్నాడు. జోన్స్ మాత్రం కుదరదన్నాడు. దాంతో మొత్తం కార్యక్రమమే రద్దయింది. యూఎఫ్‌సీ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. ఆ రాత్రి పోరాడాల్సిన మిగతా ఫైటర్లు పడ్డ శ్రమంతా వృథా అయింది. తిట్లు జోన్స్‌కు పడ్డాయి.

ఆ తిట్లలో న్యాయం ఉందని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఛాంపియన్ అన్నవాడు ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా బరిలోకి దిగాలన్న మాట వినడానికి బాగుంటుంది. అయితే బలం, వేగం, దమ్ము ఉన్నవాడికి ఎదురుగా ఎవరున్నా ఒకటేనన్న నమ్మకం ఆ మాట వెనక దాగి ఉంది. పోరాటంలో మెదడు ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ నమ్మకం నిలవదు.

కంటికి ఒకటి కనిపించాక ఒళ్లు కదలడం మొదలవడానికి మామూలుగా సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎంత సాధన చేసినా ఇది పెద్దగా తగ్గదు. దగ్గర నుంచి విసిరిన జాబ్ (ముందుచేత్తో వేసే సూటి పంచ్) కూడా దాదాపు అంతే సమయంలో ముఖాన్ని చేరుతుంది. కాబట్టి పంచ్ బయల్దేరాక చూసి తప్పించుకోవడం అయ్యే పని కాదు. మరి బాక్సర్లు ఎలా తప్పించుకుంటున్నారు? పంచ్‌కు ముందు జరిగేవాటిని చూసి. ముందుకాలి మీద బరువు పడుతుంది, భుజం రవ్వంత కిందికి జారుతుంది, నడుము తిరగడం మొదలవుతుంది. చెయ్యి ఇంకా కదలకముందే దెబ్బ ఎటు నుంచి వస్తుందో మెదడు అంచనా కట్టేస్తుంది. చూసేవాళ్లు దాన్ని వేగం అనుకుంటారు. అందులో చాలా భాగం జోస్యం.

ఆ జోస్యం నేర్పేదే ట్రైనింగ్ క్యాంప్. పెద్ద టైటిల్ పోరుకు ముందు అది తరచూ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు సాగుతుంది. ప్రత్యర్థి పొడగరి అయితే పొడగరులనే స్పారింగ్‌కు, అంటే సాధన పోరుకు తెస్తారు. ఎడమచేతి వాటం అయితే ఎడమచేతి వాటం వాళ్లనే. అతని అలవాట్లను వాళ్ల చేత అచ్చు అలాగే చేయిస్తారు. 1952లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ ఒక సూత్రం చూపించాడు: ఏం జరగొచ్చన్నదానికి అవకాశాలు పెరిగేకొద్దీ స్పందించడానికి పట్టే సమయం పెరుగుతుంది. క్యాంప్ చేసే అసలు పని ఆ అవకాశాలను తగ్గించడం. ఈ మనిషి ఇలా నిలబడితే వచ్చేవి ఇరవై కాదు, రెండే అని ఒంటికి నేర్పడం.

మనిషి మారినప్పుడు ఆ నేర్పు ఏమవుతుంది? ఉపయోగపడకపోతే అంతే కదా, నష్టమేముంది అనుకోవచ్చు. నష్టం ఉంది. కొన్రాడ్ కోర్డింగ్, డేనియల్ వోల్పర్ట్ 2004లో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్లు వేలితో ఒక గురిని చేరుకోవాలి. తమ చెయ్యి తమకు కనిపించదు. దాని స్థానాన్ని చూపే గుర్తు దారి మధ్యలో ఒక్క క్షణం మెరుస్తుంది, అదీ అసలు చోటు నుంచి సగటున ఒక సెంటీమీటరు పక్కకు జరిగి. చాలాసార్లు చేశాక ఆ జరుగుడు వాళ్లకు తెలియకుండానే ఒంటబట్టింది. గుర్తు స్పష్టంగా కనిపించినప్పుడు వాళ్లు కంటిని నమ్మారు. మసకగా కనిపించేకొద్దీ ఒంటబట్టిన అలవాటు వైపే మొగ్గారు.

రింగ్‌లో ఎప్పుడూ మసకే. చెమట, లైట్లు, కదులుతున్న మనిషి, క్షణంలో మాయమయ్యే సూచనలు. అలాంటి చోట మెదడు కంటి కంటే అలవాటునే ఎక్కువగా నమ్ముతుంది. ఆ అలవాటు వేరే మనిషిని చూసి నేర్చుకున్నదైతే, పన్నెండు వారాల సాధన తప్పు దిశలో లాగుతుంది. నిలబడే తీరు మారితే ఇది మరీ ఎక్కువ. జనంలో ఎడమచేతి వాటం వాళ్లు దాదాపు పదిమందిలో ఒకరు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 13,800 మందికి పైగా బాక్సర్లు, ఎంఎంఎ ఫైటర్ల వివరాలు పరిశీలించి 2019లో ఒక విషయం తేల్చారు: ఈ ఆటల్లో ఎడమచేతి వాటం వాళ్లు జనంలో ఉన్న నిష్పత్తి కంటే ఎక్కువగా ఉన్నారు, గెలుపు శాతం కూడా వాళ్లకే ఎక్కువ. వాళ్లు అరుదు కాబట్టి మిగతావాళ్లకు వాళ్లతో అలవాటు తక్కువ అన్నది దీనికి బలంగా వినిపించే వివరణ.

ఇప్పుడు జోన్స్ దగ్గరికి వద్దాం. హెండర్సన్ కుడిచేతి దెబ్బకు పేరుమోసినవాడు. సానెన్ ఎడమచేతి వాటం వాళ్లలా కుడికాలు ముందుకు వేసి సౌత్‌పాగా నిలబడి, మీద పడి కిందకు లాగే రకం. ఎనిమిది రోజుల్లో ఒంటబట్టినదాన్ని చెరిపి కొత్తది నింపడం ఎవరి తరమూ కాదు. జోన్స్ మూడు వారాల తర్వాత టొరంటోలో మరో ప్రత్యర్థి విటోర్ బెల్ఫోర్ట్‌తో పోరాడాడు. అతనూ సౌత్‌పాయే. మొదటి రౌండ్‌లోనే జోన్స్ చెయ్యి బెల్ఫోర్ట్ పట్టులో చిక్కుకుంది. మోచెయ్యి వెనక్కి వంగిపోయింది, బెల్ట్ పోవడానికి వెంట్రుకవాసి దూరమే మిగిలింది. ఎలాగో విడిపించుకుని నాలుగో రౌండ్‌లో గెలిచాడు. సానెన్‌తో పోరు 2013 ఏప్రిల్‌లో, పూర్తి సన్నాహం తర్వాత జరిగింది. ఒక్క రౌండ్‌లో ముగిసింది.

ఈ విషయం ఇంతకంటే బాగా కనిపించేది మళ్లీ జరిగిన పోరుల్లో. 2016 మార్చిలో యూఎఫ్‌సీ 145 పౌండ్ల ఛాంపియన్ కానర్ మెక్‌గ్రెగర్ రఫాయెల్ దోస్ అంజోస్‌తో తలపడాలి. దోస్ అంజోస్ పాదం విరగడంతో 11 రోజుల ముందు నేట్ డియాజ్ వచ్చాడు. ఇద్దరూ సౌత్‌పాలే, కానీ డియాజ్ పొడగరి, చేతులు రెండంగుళాలు ఎక్కువ సాగుతాయి. పైగా పోటీ బరువు 170 పౌండ్లకు పెరిగింది. 145 పౌండ్ల వాళ్లను పడగొట్టిన ఎడమచెయ్యి డియాజ్ ముఖాన్ని రక్తసిక్తం చేసింది కానీ పడగొట్టలేదు. మెక్‌గ్రెగర్ అలిసిపోయాడు, రెండో రౌండ్‌లో మెడ పట్టుకు లొంగిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో డియాజ్ కోసమే సిద్ధమై వచ్చి, ఐదు రౌండ్లకూ శక్తిని సరిపెట్టుకుని పాయింట్ల మీద గెలిచాడు.

బాక్సింగ్ హెవీవెయిట్ ఛాంపియన్ ఆంథొనీ జాషువా కథా ఇలాంటిదే. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో జారెల్ మిల్లర్‌తో పోరు. మిల్లర్ డ్రగ్ పరీక్షల్లో దొరికిపోయాడు. సుమారు నెల రోజుల ముందు ఆండీ రూయిజ్ వచ్చాడు. పొట్టి, లావు, చేతులు మాత్రం మెరుపు. మూడో రౌండ్‌లో జాషువా అతన్ని హుక్‌తో (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే పంచ్) పడగొట్టాడు. లేచిన మనిషిని ముగించేద్దామని దగ్గరకు వెళ్లాడు. ఆ దూరంలో ఆ చేతుల వేగం ఎంతో అతని ఒంటికి తెలియదు. రూయిజ్ ఎడమ హుక్ తల పక్కన తగిలింది. ఆ రౌండ్‌లో జాషువా రెండుసార్లు, ఏడో రౌండ్‌లో మరో రెండుసార్లు పడ్డాడు, రిఫరీ ఆపేశాడు. డిసెంబర్‌లో సౌదీ అరేబియాలో మళ్లీ జరిగినప్పుడు జాషువా దూరం నుంచే జాబ్ వేస్తూ పన్నెండు రౌండ్లూ తేలిగ్గా గెలిచాడు. ఆ రోజు రూయిజ్ మొదటిసారి కంటే 15 పౌండ్లు బరువెక్కి వచ్చాడు కాబట్టి ఘనతంతా సన్నాహానిదే అనలేను. అయినా రెండు జంటల్లోనూ మనుషులు వాళ్లే, సన్నాహం మారేసరికి ఫలితం తిరగబడింది.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మనకు గుర్తుండేవి తలకిందులైన ఫలితాలే. 2016 జూన్‌లో 17 రోజుల ముందు వచ్చిన మైకేల్ బిస్పింగ్ లూక్ రాక్‌హోల్డ్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు, అది గుర్తుంటుంది. 2014లో ఒక్క రోజు ముందు ఒప్పుకుని టీజే డిల్లషా చేతిలో ఓడిన జో సోటో ఎంతమందికి గుర్తున్నాడు? 2025 జనవరిలో ఒక్క రోజు ముందు వచ్చి ఇస్లాం మఖాచెవ్‌తో మొదటి రౌండ్‌లోనే ఓడిన రెనాటో మొయికానో? ప్రత్యామ్నాయంగా వచ్చి ఓడినవాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు.

మఖాచెవ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అతనూ, అతనికి ముందు ఖబీబ్ నుర్మగొమెదోవ్ కూడా ప్రత్యర్థి మారినా పెద్దగా తడబడలేదు. 2018 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో ఖబీబ్‌కు ఒకే వారంలో ప్రత్యర్థి రెండుసార్లు మారాడు, అయినా ఐదు రౌండ్లు పోరాడి గెలిచాడు. ఇద్దరూ పట్టు ఆటలో పెరిగినవాళ్లు. ఒంటికి ఒళ్లు తగిలాక సమాచారం కంటి నుంచి కాక కండరాల నుంచి వస్తుంది. కండరం సాగినప్పుడు మెదడును కలుపుకుని వచ్చే స్పందనకు 50 నుంచి 100 మిల్లీసెకన్లు చాలు, చూపు మార్గంలో పట్టే దాంట్లో సగమో అంతకంటే తక్కువో. జోస్యం అవసరం ఆ మేరకు తగ్గుతుంది. చివరి క్షణంలో వచ్చిన మనిషిని పట్టు యోధుడు ఒప్పుకోవడం, దూరం నుంచి ఎదురుదెబ్బ కొట్టే బాక్సర్ ఒప్పుకోవడం ఒకటి కాదని నేను అనుకోవడానికి ఇదే కారణం. దీన్ని ఎవరో కొలిచి నిరూపించారని చెప్పడం లేదు, తెలిసినవాటిని కలిపి చూస్తే నాకు తోచింది.

ఇంతవరకూ ఛాంపియన్ గురించే మాట్లాడుకున్నాం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అవతలి మనిషి ఒళ్లు.

ఫైటర్లు మామూలుగా తమ పోటీ బరువు కంటే చాలా ఎక్కువ బరువుతో ఉంటారు. క్యాంప్‌లో కొవ్వు మెల్లగా తగ్గుతుంది, చివరి రోజుల్లో పిండి పదార్థాలు, నీళ్లు తగ్గిస్తారు. పిండి పదార్థాలు కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటాయి, దాని ప్రతి గ్రామూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అందుకే బరువు త్వరగా దిగుతుంది. వారం ముందు ఒప్పుకున్నవాడికి కొవ్వు తగ్గించే సమయం ఉండదు. మిగిలింది నీరే. వేడినీళ్ల తొట్టిలో గడ్డం దాకా మునిగి, బయటకొచ్చి తువ్వాళ్లు, దుప్పట్లు చుట్టుకుని చెమట పడుతూ కూర్చుంటాడు, లేవబోతే కళ్లు తిరుగుతాయి. రక్తంలో నీరు తగ్గి గుండె వేగం పెరుగుతుంది, కాసేపటికి చెమట కూడా పట్టక ఒంటి వేడి లోపలే ఉండిపోతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. 1997 నవంబర్, డిసెంబర్ నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నిబంధనలు కఠినమయ్యాయి. 2015 డిసెంబర్‌లో మనీలాలో పోటీకి సిద్ధమవుతున్న 21 ఏళ్ల యాంగ్ జియాన్ బింగ్ కూడా అలాగే పోయాడు.

బ్రూక్లిన్‌లో ఖబీబ్ కోసం మొదట వచ్చిన ప్రత్యామ్నాయం మ్యాక్స్ హాలోవే. ఆరు రోజుల వ్యవధి. పోటీకి ముందురోజు న్యూయార్క్ అథ్లెటిక్ కమిషన్ అతన్ని ఆపేసింది, ఇంకా బరువు తగ్గించుకునే స్థితిలో లేడని. ఆ అధికారులు ఒక ప్రాణాన్ని కాపాడి ఉండొచ్చు. హాలోవే అంతటివాడు తనంతట తాను ఆగలేదన్నది గమనించాల్సిన విషయం. ఆగరు. 1934 జూన్‌లో ఓడరేవులో మూటలు మోస్తున్న జేమ్స్ బ్రాడక్ రెండు రోజుల ముందు పిలిస్తే వెళ్లి కార్న్ గ్రిఫిన్‌ను మూడో రౌండ్‌లో ఓడించాడు, సరిగ్గా ఏడాదికి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. పోయేదేమీ లేనివాడు ఎందుకు వద్దంటాడు? పోయేది అతనికీ ఉందని తర్వాత తెలుస్తుంది. ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ అలెగ్జాండర్ వోల్కనోవ్‌స్కీ 2023 అక్టోబర్‌లో రెండు వారాలు కూడా లేని వ్యవధిలో మఖాచెవ్‌తో పోరుకు ఒప్పుకున్నాడు. ఎనిమిది నెలల ముందు పూర్తి సన్నాహంతో వచ్చి అదే మఖాచెవ్‌కు ఐదు రౌండ్లూ చెమటలు పట్టించిన మనిషి, ఈసారి మొదటి రౌండ్‌లోనే తలకు తన్ను తగిలి ఓడిపోయాడు. నాలుగు నెలలకే మళ్లీ బరిలోకి దిగి, మరో నాకౌట్‌లో తన సొంత టైటిల్ కూడా పోగొట్టుకున్నాడు.

అయితే వద్దనడం కూడా ఊరికే రాదు. చివరి రెండు వారాలు సాధన మొత్తాన్ని సుమారు సగానికి తగ్గించి, తీవ్రతను మాత్రం అలాగే ఉంచితే ఒళ్లు దాని అత్యుత్తమ స్థితికి చేరుతుంది. ఆ స్థితి ఎక్కువ కాలం ఉండదు. పోటీ నెల వాయిదా పడితే మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆ రాత్రి పోటీల జాబితాలో ఉన్న మిగతావాళ్ల సంపాదన కూడా పోతుంది. అందుకే గుడ్డిగా వద్దనమని నేననను. కొత్త మనిషి నిలబడే తీరు, పొడవు పాత మనిషికి దగ్గరగా ఉండి, పోటీ బరువుకు దగ్గరలో ఉండి, ఈ మధ్యే పోరాడి ఉంటే ఒప్పుకోవచ్చు. బరువు దించాల్సి వస్తే పైమెట్టు బరువులో, టైటిల్ పణంగా పెట్టకుండా ఆడితే చాలు. నిలబడే తీరు మారి, వ్యవధి రెండు వారాల లోపైతే టైటిల్ పోరు వద్దనే నేనంటాను. అలా వద్దన్న ఛాంపియన్‌ను పిరికివాడనడం తప్పు.

అసలు ఈ ఇరకాటంలో పడకుండా ఉండే దారి కూడా ఉంది. 2020 అక్టోబర్‌లో అబుదాబిలో ఖబీబ్, జస్టిన్ గేచీల మధ్య టైటిల్ పోరు. వాళ్లిద్దరితో పాటు మైకేల్ చాండ్లర్ కూడా బరువు దించుకుని తూకం ఎక్కాడు. ఇద్దరిలో ఎవరు తప్పుకున్నా దిగేది ఎవరో రెండు శిబిరాలకూ ముందే తెలుసు. ఎవరూ తప్పుకోలేదు. చాండ్లర్‌కు ఆ రాత్రి పోరాడే పని పడలేదు. మూడు నెలలకు అదే నగరంలో, పూర్తి సన్నాహంతో డాన్ హూకర్ మీద దిగి మొదటి రౌండ్‌లోనే గెలిచాడు.