ఫుతియెన్ భూగర్భ రైల్వేస్టేషన్: అపోహలు - వాస్తవాలు

భూగర్భ స్టేషన్ల నిర్మాణ రూపకల్పన నా వృత్తి. చైనాలోని షెన్‌జెన్ నగరం నడిబొడ్డున, రోడ్ల కింద కట్టిన ఫుతియెన్ స్టేషన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొన్ని అపోహలు వినిపిస్తూ ఉంటాయి. 2015 డిసెంబరు 30న ప్రారంభమైన ఈ హైస్పీడ్ రైలు స్టేషన్‌కు మూడు అంతస్తులున్నాయి. పైది మెట్రోకు మారేవారికి, నడిమిది రైలు కోసం వేచి ఉండేవారికి, సుమారు 32 మీటర్ల లోతున ఉన్న అట్టడుగుది రైళ్లకు.

అపోహ: ఇది కాస్త పెద్ద మెట్రో స్టేషన్, అంతే.

వాస్తవం: మెట్రో ప్రయాణికుడు నేరుగా ప్లాట్‌ఫాంకు దిగి నిమిషాల్లో వెళ్లిపోతాడు. దూరప్రయాణికుడు సామానుతో ముందే వచ్చి కూర్చుంటాడు కనుక తనిఖీకి, నిరీక్షణకు విడిగా స్థలం కావాలి. పదహారు బోగీల రైలు 400 మీటర్లు దాటుతుంది. షెన్‌జెన్ మెట్రోకు 1,500 వోల్టుల విద్యుత్తు చాలగా, ఈ రైళ్ల పైతీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. తీగకూ కప్పుకూ మధ్య వదలాల్సిన ఖాళీ వల్ల తవ్వకం మరింత లోతుకు వెళుతుంది. ఇక్కడున్నవి నాలుగు ప్లాట్‌ఫాంలు, ఎనిమిది లైన్లు.

అపోహ: అంత లోతున కప్పు కూలడమే పెద్ద భయం.

వాస్తవం: సందర్శకులు కప్పు వైపు చూస్తారు, మేము నేల వైపు చూస్తాం. సముద్రతీర నగరాల్లో భూగర్భజలం పైపైనే ఉంటుంది కాబట్టి, అందులో మునిగిన బోలు కట్టడాన్ని నీరు నిరంతరం పైకి నెడుతూనే ఉంటుంది. కట్టడం సొంత బరువు, కప్పు మీద తిరిగి నింపిన మట్టి ఆ ఒత్తిడికి చాలకపోతే, అడుగుపలకను పట్టి ఉంచే పొడవాటి స్తంభాలను (పైల్స్) భూమిలోకి దించాలి. అసలు గండం నిర్మాణ దశలోనే ఉంటుంది: పైన మట్టి ఇంకా పడని రోజుల్లో నీటిని తోడే పంపులు ఆపడానికి వీల్లేదు.

అపోహ: మంటలు రేగినా పై అంతస్తుకు ఎక్కితే గట్టెక్కినట్టే.

వాస్తవం: మామూలు భవనంలో పొగ పైకి పోతుంటే మనుషులు కిందికి పరుగెత్తుతారు. భూగర్భంలో పొగ, మనుషులు ఇద్దరిదీ ఒకటే దారి, అది పైకే. అందుకే ప్లాట్‌ఫాం కప్పు దగ్గర పొగను లాగేసే ఫ్యాన్లను, మెట్ల మీదుగా కిందికి తాజా గాలి వచ్చే ఏర్పాటును కలిపి రూపొందిస్తాం. ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అమెరికన్ ప్రమాణం నాలుగు నిమిషాల్లో ప్లాట్‌ఫాం ఖాళీ కావాలని, ఆరు నిమిషాల్లో అందరూ సురక్షిత స్థలానికి చేరాలని చెబుతుంది. మెట్ల వెడల్పును తేల్చేవి ఇలాంటి లెక్కలే, అందచందాలు కావు.

అపోహ: చైనాలో అన్నిటికన్నా లోతైన రైల్వేస్టేషన్ ఇదే.

వాస్తవం: కాదు. 2019లో తెరిచిన బాదాలింగ్ గ్రేట్‌వాల్ స్టేషన్ 102 మీటర్ల లోతున, కొండరాతిలో ఉంది. అయితే రాతిని తొలిచి కట్టడం వేరు, తడిమట్టిలో నగరం కింద కట్టడం వేరు; లోతు అంకెను బట్టి కష్టాన్ని కొలవలేం.

అపోహ: హాంకాంగ్ నుంచి వచ్చేవారికి ఇమిగ్రేషన్ తనిఖీ ఫుతియెన్‌లో జరుగుతుంది.

వాస్తవం: 2018 సెప్టెంబరులో హాంకాంగ్ మార్గం మొదలైనప్పటి నుంచి ఇరువైపుల తనిఖీలూ అక్కడి వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లోనే పూర్తవుతున్నాయి. సుమారు పావుగంటలో ఫుతియెన్‌లో దిగినవారు రోడ్డెక్కకుండానే మెట్రో 2, 3, 11 లైన్లకు మారవచ్చు.