రెండో ఫ్లిప్‌ఫ్లాపు ఏం చేస్తుంది?

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థిని ఇటీవల ఒక ప్రశ్న పంపింది. డిజిటల్ సర్క్యూట్‌లో ఒక క్లాక్‌తో, అంటే అడుగులకు లయనిచ్చే సంకేతంతో, నడిచే భాగం నుంచి, దానితో సంబంధం లేని వేరొక క్లాక్‌తో నడిచే భాగానికి సంకేతం వెళ్లవలసి వస్తే, అందుకునే వైపున రెండు ఫ్లిప్‌ఫ్లాపులను (ఒక్కో బిట్‌ను పట్టి ఉంచే సర్క్యూట్లను) వరుసగా పెట్టాలని ఆమెకు తరగతిలో చెప్పారు. మొదటి ఫ్లిప్‌ఫ్లాపు సున్నానో ఒకటో తేల్చుకోలేనప్పుడు, అచ్చం అలాంటిదే అయిన రెండోది ఎలా తేలుస్తుందన్నది ఆమె సందేహం. ఎంతో చక్కని సందేహం ఇది. రెండోది ఏమీ తేల్చదు. మొదటిది తనంతట తాను తేల్చుకోవడానికి దాదాపు ఒక క్లాక్ కాలమంత గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువుకున్న బలమే ఇందులోని అసలు అందం.

ఫ్లిప్‌ఫ్లాపు లోపల ఒకదాని అవుట్‌పుట్‌ను మరొకదాని ఇన్‌పుట్‌కు కలిపిన రెండు ఇన్వర్టర్లు (సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చే గేట్లు) ఉంటాయి. వాటికి నిలకడైన స్థితులు రెండు. ఆ రెండింటి నడుమ నిలకడ లేని ఒక సమతౌల్య బిందువు ఉంటుంది. క్లాక్ అంచుకు, అంటే క్లాక్ విలువ మారి ఫ్లిప్‌ఫ్లాపు ఇన్‌పుట్‌ను పట్టుకునే క్షణానికి, కొంచెం ముందూ కొంచెం తర్వాతా ఇన్‌పుట్ మారకుండా ఉంటే లోపలి వోల్టేజి ఏదో ఒక పక్కకు స్పష్టంగా ఒరుగుతుంది. సంబంధం లేని రెండు క్లాకుల మధ్య ఆ హామీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు. ఇన్‌పుట్ సరిగ్గా ఆ ఘడియలోనే మారితే వోల్టేజి నడిమి బిందువు దగ్గర తచ్చాడుతుంది. దీన్నే మెటాస్టబిలిటీ అంటారు.

కర్నూలు ప్రాంతంలో హంద్రీ, కుందూ పరీవాహకాలను వేరుచేసే మిట్టను ఊహించుకోండి. ఒక వాలున పడిన వాననీరు హంద్రీలో చేరి కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. రెండో వాలున పడినది కుందూ వెంట కడప జిల్లాకు వెళ్లి పెన్నలో కలుస్తుంది. మిట్ట కొన గుండ్రంగా ఉంటుంది కనుక సరిగ్గా కొన మీద వాలు సున్నా. కొన నుంచి జరిగేకొద్దీ వాలు ఆ దూరానికి తగ్గట్టు పెరుగుతుంది. కాబట్టి చినుకు వేగం కూడా కొన నుంచి దానికున్న దూరాన్ని బట్టే ఉంటుందనుకోండి. అంటే ఒక స్థిరమైన కాలం గడిచిన ప్రతిసారీ ఆ దూరం 2.718 రెట్లు అవుతుంది. ఆ కాలాన్ని టౌ అంటారు. కొనకు వెయ్యి రెట్లు దగ్గరగా పడిన చినుకు వాలు పట్టుకోవడానికి వెయ్యి రెట్ల కాలం తీసుకోదు, సుమారు 7 టౌల కాలం అదనంగా తీసుకుంటుంది. గాలి తోస్తే త్వరగా తేలిపోదా అనిపించవచ్చు. కానీ గాలి చినుకును కొన నుంచి దూరంగా నెట్టినంత తరచుగానే కొన వైపుకూ నెడుతుంది. సర్క్యూట్‌లోని ఉష్ణ సంబంధమైన నాయిస్ కూడా అంతే, సగటున దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎంత గడువిచ్చినా, ఆ గడువులోగా ఎటూ తేలని చినుకులు పడే సన్నని పట్టీ ఒకటి కొన మీద మిగిలే ఉంటుంది. ఆ పట్టీని పూర్తిగా చెరిపివేయలేము. అయితే మనం వేచి ఉన్న ప్రతి టౌకు దాని వెడల్పు 2.718 రెట్లు తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. టౌ 50 పికోసెకన్లు, క్లాక్ అంచు దగ్గర ఇన్‌పుట్ మారితే ప్రమాదకరమైన కాలపు పట్టీ మొదట 100 పికోసెకన్లు, అందుకునే క్లాక్ 200 మెగాహెర్ట్జ్, సంకేతం సెకనుకు కోటి సార్లు మారుతుందని ఉదాహరణకు అనుకుందాం. వీటిలో చివరి మూడింటినీ గుణిస్తే సెకనుకు 2 లక్షల సార్లు ఆ పట్టీలో పడతాము. తేల్చుకోవడానికి 1 నానోసెకను దొరికితే సగటున 40 నిమిషాలకు ఒక తప్పు జరుగుతుంది. ఒకటిన్నర నానోసెకన్లు దొరికితే దాదాపు 1.7 ఏళ్లకు ఒకటి, 2 నానోసెకన్లు దొరికితే సుమారు 37,000 ఏళ్లకు ఒకటి. ప్రతి అర నానోసెకను భద్రతను 22,000 రెట్లు పెంచుతోంది! అందుకే ఆ రెండు ఫ్లిప్‌ఫ్లాపుల నడుమ ఏ లాజిక్ గేటునూ పెట్టకూడదు. అది తినే కాలమంతా ఈ గడువులోంచే పోతుంది. క్లాక్ వేగం బాగా పెరిగి గడువు చాలనప్పుడు మూడో ఫ్లిప్‌ఫ్లాపు చేర్చేదీ ఇందుకే.

థామస్ చేనీ, చార్లెస్ మోల్నార్ ఈ తచ్చాటను ఆసిలోస్కోపు చిత్రాలతో సహా 1973లోనే ప్రచురించారు. అయినా మన తరగతుల్లో సెటప్, హోల్డ్ కాలాలు (క్లాక్ అంచుకు ముందూ తర్వాతా ఇన్‌పుట్ మారకూడని కాలాలు) రెండు మార్కుల నిర్వచనాలుగానే మిగిలిపోతున్నాయి. మామూలు సిమ్యులేషన్‌లో మెటాస్టబిలిటీ కనిపించదు కనుక అక్కడ అంతా సవ్యంగానే నడుస్తుంది. బోర్డు మీద మాత్రం 40 నిమిషాలకొకసారి తప్పు వస్తుంది. ఆయుధపూజనాడు ల్యాబులో బోర్డుకు కుంకుమబొట్టు పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ తప్పును బోర్డు గ్రహపాటుగా భావించి, రీసెట్ నొక్కి ఊరుకోవడం మీద ఉంది. దాని కారణం ఒక చిన్న గుణకారంలో దొరుకుతుందని విద్యార్థులకు చూపించాలి.

ఇదంతా ఒక్క బిట్ సంగతి. అనేక బిట్లున్న సంఖ్యను పంపేటప్పుడు ప్రతి బిట్‌కూ విడిగా రెండేసి ఫ్లిప్‌ఫ్లాపులు పెడితే సరిపోదు. 7 నుంచి 8కి మారేటప్పుడు 0111 కాస్తా 1000 అవుతుంది; నాలుగు బిట్లూ మారతాయి. కొన్ని ఈ అంచుకు, కొన్ని తర్వాతి అంచుకు చేరితే, పంపినవారు ఎన్నడూ రాయని 15 లాంటి సంఖ్య అవతల కనిపించవచ్చు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్రాంక్ గ్రే పేరు మీద 1953లో పేటెంటు పొందిన గ్రే కోడ్ ఇక్కడ ఆదుకుంటుంది. అందులో పక్కపక్క సంఖ్యల మధ్య ఒక్క బిట్టే తేడా ఉంటుంది: 7 అంటే 0100, 8 అంటే 1100. మారేది ఒక్క బిట్. అది తేలకపోయినా అవతలివైపు చదివేది పాత సంఖ్యనో కొత్త సంఖ్యనో తప్ప మూడోది కాదు.

రెండు క్లాకుల మధ్య నిలిచే ఫిఫోలో (ముందు రాసినదాన్నే ముందు చదివే నిల్వ వరుసలో) రాసే స్థానం, చదివే స్థానం ఇలాగే గ్రే కోడ్‌లో ఇటునుంచి అటు దాటుతాయి. పాత విలువ కనిపిస్తే, చదివేవైపు ఫిఫో ఖాళీగా ఉందనుకుని కాసేపు ఆగుతుంది, రాసేవైపు నిండిపోయిందనుకుని ఆగుతుంది. ఆలస్యమే తప్ప డేటా చెడదు. గ్రేకి మార్చిన విలువను పంపేవైపు క్లాక్‌తోనే ముందుగా ఒక ఫ్లిప్‌ఫ్లాపులో నిలపాలి, లేకుంటే మార్పిడి గేట్లలో పుట్టే క్షణికమైన తప్పుడు విలువలు కూడా దాటిపోతాయి. ఫిఫో స్థానాల సంఖ్య 2, 4, 8, 16 వరుసలో ఉంటే చివరి నుంచి మొదటికి తిరిగేటప్పుడూ ఒక్క బిట్టే మారుతుంది. 10 స్థానాలు పెట్టి 0 నుంచి 9 వరకు లెక్కిస్తే గ్రే కోడ్‌లో 9 అయిన 1101 నుంచి 0000కి ఒకేసారి మూడు బిట్లు మారి పథకం చెడుతుంది. అదే లెక్కను 3 దగ్గర మొదలుపెట్టి 12 దగ్గర ముగిస్తే చివరిది 1010, మొదటిది 0010. మళ్లీ ఒక్క బిట్టే మారుతుంది.