తడిగుడ్డ పెట్టినా పోని తెల్ల చారలు

తడిగుడ్డ పెట్టినంతసేపూ టైల్స్ అద్దంలా మెరుస్తాయి. ఆరాక చూస్తే బూడిద రాసినట్టు తెల్లటి చారలు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది రోజూ కనిపించేదే. సరిగ్గా తుడవలేదని పనిమనిషి మీద కోప్పడేవాళ్లు చాలామంది. పాపం, ఆమె చేతిలో ఏమీ లేదు. లోపమంతా బకెట్లో నీళ్లది.

వాన నీరు భూమిలోకి ఇంకుతూ మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. అలా కాస్త పులుపెక్కిన నీరు రాళ్ల పొరల్లోంచి దిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం కరిగి అందులో చేరతాయి. మనం ఉప్పు నీళ్లు అనేది ఈ నీటినే. నేల మీద నీరు ఆరగానే ఆ వాయువు గాలిలోకి పోతుంది, కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. అంటే సున్నపురాయే! లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం (అలా కరిగి చేరిన లవణాల కొలత) ఉన్న నీళ్లు రోజుకో లీటరు నేల మీద ఆరాయనుకోండి. లెక్క వేస్తే మిగిలే సున్నం ఏడాదికి 100 గ్రాములు దాటుతుంది. కొంత గుడ్డతో పోయినా, మిగిలింది పొర మీద పొరగా పేరుకుంటుంది.

మెరవడం లేదని సర్ఫ్ ఇంకో గుప్పెడు వేస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది. కడగకుండా వదిలేసిన సర్ఫ్ జిగురులా అంటుకుని, దుమ్మును పట్టి ఉంచుతుంది.

చివరికి అందరి చెయ్యీ యాసిడ్ సీసా మీదికే పోతుంది. బాత్రూమ్‌లో పోయగానే బుసబుసా నురగ వస్తుంది, మురికి వదులుతోందని సంతోషపడతాం. ఆ నురగ, సున్నం కరిగి బయటికొస్తున్న కార్బన్ డయాక్సైడ్. కానీ టైల్స్ మధ్య సందుల్లో నింపిన సిమెంటులోనూ కాల్షియమే ఉంది. ఏది మరకో, ఏది సిమెంటో యాసిడ్‌కు తెలియదు. దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలిన టైల్ తట్టుకుంటుంది, సందు మాత్రం గుల్లబారుతుంది. గుల్లబారిన సందులో మురికి ఇంకా తొందరగా చేరి నల్లబడుతుంది, దాన్ని పోగొట్టడానికి మళ్లీ యాసిడ్. నాకు బాధ కలిగించేది ఈ విషవలయమే. తాండూరు, కడప బండలైతే అవే సున్నపురాళ్లు. వాటి మీద నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా మెరుపు పోయి మచ్చ పడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. ఒకదాని తర్వాత ఒకటి పోసినా ప్రమాదమే. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులకు ఎంత హాని చేస్తుందో ఊహించండి. ఘాటు తగిలితే శుభ్రం సంగతి వదిలేసి వెంటనే బయటికి వచ్చేయాలి.

టైల్స్ మీద పాత పొరకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. ముందు మామూలు నీళ్లతో సందులు బాగా తడపండి, అప్పుడు పులుపు లోపలికి తక్కువ ఇంకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా కలిపి రాసి, పది నిమిషాలయ్యాక బ్రష్‌తో రుద్ది, కడిగేయండి. బండల మీద మాత్రం ఇది కూడా వద్దు.

కొత్త పొర పట్టకుండా ఉండాలంటే నీళ్లు వాటంతటవి ఆరేదాకా వదలకూడదు. వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే నీళ్లతోపాటు అందులోని లవణాలూ గుడ్డకు వచ్చేస్తాయి. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లను వృథా చేయకూడదని చాలామంది తడిగుడ్డకు వాడుతున్నారు. మంచి ఆలోచనే, కానీ ఆర్‌ఓ ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, చారలు ఇంకా ఎక్కువవుతాయి. వాటిని లెట్రిన్‌లో పోయడానికి వాడుకోవచ్చు. నేలకు కావలసిన నీళ్లు వేసవిలో ఏసీ పైపు నుంచి కారుతుంటాయి. గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. రాత్రంతా ఒక బకెట్ కింద పెట్టి, పొద్దున ఆఖరి తడిగుడ్డ ఆ నీళ్లతో పెట్టి చూడండి.