పోలోనియం ముందు రెండు ప్రశ్నలు

1910లో భౌతిక శాస్త్రవేత్తలు రూథర్‌ఫర్డ్, గైగర్ కలిసి పోలోనియం అనే రేడియోధార్మిక మూలకం నుంచి వెలువడే ఆల్ఫా కణాలను లెక్కపెట్టారు. కణం వచ్చి జింక్ సల్ఫైడ్ తెర మీద పడితే చిన్న మెరుపు కనిపిస్తుంది. కాలాన్ని 7.5 సెకన్ల చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఎన్ని మెరుపులు వచ్చాయో రాసుకున్నారు. 2,608 ముక్కల్లో 10,097 కణాలు. సగటున 3.87.

సగటు ఎంతైనా, ఏ ముక్కలోనూ 3.87 కణాలు పడవు. సున్నా, ఒకటి, రెండు, మూడు... ఇలా విడివిడి విలువలే వస్తాయి. విలువ ఎంతొస్తుందో ముందే చెప్పలేని ఇలాంటి రాశిని యాదృచ్ఛిక చలరాశి అంటారు. విడివిడి విలువలే వస్తాయి కాబట్టి ఇది విచ్ఛిన్న చలరాశి. అదే తెర ముందు కూర్చుని, ఒక మెరుపుకీ తర్వాతి మెరుపుకీ మధ్య ఎంతసేపు పట్టిందని అడిగితే లెక్క మారిపోతుంది. ఆ వ్యవధి 1.9 సెకన్లు కావచ్చు, 1.93 కావచ్చు, 1.9304 కావచ్చు. మధ్యలో ఏ విలువైనా రావచ్చు కాబట్టి ఇది అవిచ్ఛిన్న చలరాశి. ఏ విలువలకు ఎంత సంభావ్యతో చెప్పేది విభాజనం. మొదటిది పాయిజాన్ విభాజనాన్ని, రెండోది ఘాతీయ విభాజనాన్ని అనుసరిస్తాయి. పోలోనియం ఒకటే, అడిగిన ప్రశ్నలే వేరు.

లెక్కపెట్టేది విచ్ఛిన్నం, కొలిచేది అవిచ్ఛిన్నం అని విద్యార్థులు బట్టీ పడతారు. చాలాసార్లు ఇది సరిపోతుంది. కానీ దశాంశ బిందువు కనిపించగానే అవిచ్ఛిన్నం అనేస్తే పొరపాటే. రెండు పాచికల సగటు 3.5 రావచ్చు, అయినా అది విచ్ఛిన్నమే. విలువలకు అంతు ఉండాలన్న నియమమూ లేదు. బొమ్మ పడేదాకా నాణెం ఎన్నిసార్లు ఎగరేయాలి? పై హద్దు లేదు. అయినా 1/2, 1/4, 1/8 అంటూ ఒక్కో విలువకు దక్కే సంభావ్యతలను కలుపుతూ పోతే మొత్తం 1కి చేరుతుంది.

ఇలా కూడి 1 తెప్పించడం అవిచ్ఛిన్న చలరాశితో కుదరదు. అక్కడ ఏ ఒక్క విలువకూ సంభావ్యత ఉండదు. మెరుపుల మధ్య వ్యవధి సరిగ్గా 2 సెకన్లు అయ్యే సంభావ్యత సున్నా. అలాగని అది అసాధ్యమూ కాదు. మొదటిసారి వింటే తిక్కగా ఉంటుంది, నిజమే. మరి ఇన్ని సున్నాలు కలిసి 1 ఎలా అయ్యాయి? రెండు సంఖ్యల మధ్య ఉండే వాస్తవ సంఖ్యలన్నిటినీ ఒకటి, రెండు అంటూ వరుసలో పెట్టలేమని గణితవేత్త కాంటర్ 1874లో నిరూపించాడు. వరుసే లేనప్పుడు కూడిక ఎక్కడ మొదలుపెడతాం? అందుకే ఒక వక్రరేఖ గీసి, దాని కింది వైశాల్యాన్ని సంభావ్యతగా తీసుకుంటాం. పై సగటునే వాడితే, వ్యవధి 2కీ 2.1కీ మధ్య పడే సంభావ్యత సుమారు 0.018.

ఆ వైశాల్యాన్నిచ్చే వక్రరేఖ ఎత్తే సంభావ్యత అనుకుంటే తంటా. 0 నుంచి 0.5 వరకు సమంగా పరుచుకున్న చలరాశికి ఆ ఎత్తు 2. సంభావ్యత 1 దాటకూడదుగా! ఎత్తు 2ను వెడల్పు 0.5తో గుణిస్తే 1 వస్తుంది, లెక్క సరిపోయింది.

స్టాప్‌వాచ్ సెకనులో వందో వంతు దాకానే చూపిస్తుంది కాబట్టి నమోదైన కాలం విచ్ఛిన్నమే కదా అని ఎవరైనా వాదించవచ్చు. వాదన సరైనదే. అయినా కలనగణితంతో పని తేలికవుతుందని కాలాన్ని అవిచ్ఛిన్నంగానే తీసుకుంటారు.

రోజువారీ వర్షపాతం మాత్రం ఈ రెండింటిలో దేనికీ లొంగదు. చినుకే పడని రోజులుంటాయి కాబట్టి సున్నాకి సొంతంగా సంభావ్యత ఉంటుంది. వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లైనా కావచ్చు. దీన్ని మిశ్రమ చలరాశి అంటారు. 5 మిల్లీమీటర్ల లోపు వాన పడే సంభావ్యత కావాలంటే, సున్నా వాటాను విడిగా తీసుకుని, దానికి 0 నుంచి 5 దాకా ఉన్న వైశాల్యాన్ని కలపాలి.