ఆరో తరగతిలో చేరబోతున్న మన ఊరి పిల్లలకు

పిల్లలూ,

జూన్ 12న బడులు తెరుస్తారు. మన ఊళ్లో ఐదో తరగతి పూర్తి చేసి, జడ్పీ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరబోతున్న మీ కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో హిందీ చెప్పాను. ప్రతి జూన్‌లోనూ కొత్త బ్యాగు తగిలించుకుని, ఏ గదిలోకి వెళ్లాలో తెలియక వరండాలో స్తంభం పక్కన నిలబడిపోయే పిల్లలు కనబడేవాళ్లు. ఈసారి ఆ నిలబడేది మీరే కాబట్టి, నాకు తెలిసింది ముందే చెబుతున్నాను.

ఇన్నాళ్లూ మీకు బడి అంటే రెండు గదులు, ఒక వేపచెట్టు, ఇద్దరు టీచర్లు. మీకు జ్వరం వచ్చినా, అమ్మ ఊరెళ్లినా, పొద్దున ఏమీ తినకుండా వచ్చినా మీ టీచరుకు మొహం చూడగానే తెలిసిపోయేది. హైస్కూల్లో గంట కొట్టగానే తెలుగు మాస్టారు వెళ్లిపోయి లెక్కల మేడం వస్తారు. ఆవిడ వెళ్లగానే సోషల్ సార్ వస్తారు. ఒక్కొక్కరూ ఉండేది ముప్పావు గంట. వాళ్లకు పదో తరగతి దాకా ఇంకా ఎన్నో క్లాసులు ఉంటాయి. మీ అందరి పేర్లూ నోటికి రావడానికే దసరా దాకా పట్టొచ్చు. అంతమాత్రాన మీరంటే ఇష్టం లేదని కాదు. చిన్న బడిలో మీరు చెప్పకపోయినా జరిగిపోయిన పనులు ఇక్కడ మీరు నోరు తెరిచి చెబితేనే జరుగుతాయి. ఇది ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, చాలా ఏళ్ల కిందట నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. పొడుగ్గా ఉంటాడని చివరి బెంచీలో కూర్చోబెట్టాం. హిందీ అక్షరాలకు నెత్తిన అడ్డగీత ఉంటుంది, దాన్ని శిరోరేఖ అంటారు. ‘మ’కు ఆ గీత పూర్తిగా ఉంటుంది. ‘భ’కు మాత్రం ఎడమవైపు కొంచెం తెగి, అక్కడ చిన్న మెలిక ఉంటుంది. ఆ సందు కలిపేస్తే ‘భ’ కాస్తా ‘మ’లా అయిపోతుంది. ‘భాయీ’ అంటే అన్నదమ్ముడు. వాడు రాసేది ‘మాయీ’, అంటే అమ్మ. ‘ధ’ రాయమంటే ‘ఘ’ రాసేవాడు. అక్కడా తేడా ఆ గీతలో సందే.

నాకు కోపం తెప్పించింది ఏమిటంటే, ఇంటి దగ్గర పుస్తకం చూసి రాసుకొచ్చిన హోంవర్క్ ముత్యాల్లా ఉండేది. క్లాసులో బోర్డు చూసి రాసిందంతా తప్పులే. హోంవర్క్ ఇంకెవరితోనో రాయించుకొస్తున్నాడని అనుకున్నాను. అందరి ముందూ ఆ మాట అన్నాను కూడా. వాడు తల దించుకుని నిలబడ్డాడు తప్ప ఏమీ మాట్లాడలేదు.

సెప్టెంబరులో ఒకరోజు బోర్డు తుడవమని వాణ్ని పిలిచాను. డస్టర్ పట్టుకుని, బోర్డుకు జానెడు దూరంలో ఆగిపోయాడు. నేను రాసిన ‘భ’ మీద వేలు పెట్టి, “మేడం, ఇక్కడ సందుందా?” అని అడిగాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఊళ్లో చిన్న బడిలో వాడు బోర్డు ముందే నేల మీద కూర్చునేవాడు. ఇక్కడ అంత పెద్ద గదిలో, చివరి బెంచీ నుంచి వాడికి గీతలు కనబడితేగా! కంటి పరీక్ష చేయించి అద్దాలు తెచ్చారు. కళ్లజోడు పెట్టుకొచ్చిన రోజు చివరి బెంచీలోనే నిలబడి బోర్డు మూలనున్న తారీఖు పైకి చదివాడు. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా నాన్నా?” అంటే, “అందరికీ అలాగే కనబడుతుందనుకున్నాను మేడం” అన్నాడు.

నేను తిట్టకుండా అడిగి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ టీచర్లు కూడా ఒక్కోసారి నాలాగే పొరబడతారు. అందుకే మీరు చెప్పండి. బోర్డు మసగ్గా ఉన్నా, మాట వినబడకపోయినా, పక్కవాడు రోజూ పెన్ను లాక్కుంటున్నా చెప్పండి. క్లాసులో లేచి చెప్పడానికి టెన్షన్‌గా ఉంటే, గంట కొట్టాక సార్ వెనకాలే వరండాలోకి వెళ్లి చెప్పండి. “సార్, నేను ఫలానా, ఆరో తరగతి” అని పేరుతో మొదలుపెట్టండి. మర్నాటికి ఆయనకు మీ పేరు తెలిసి ఉంటుంది.

ఆడపిల్లలకు ఇంకో మాట. బాత్రూములు ఎక్కడున్నాయో అడగడానికి సిగ్గుపడి, నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా బిగబట్టుకునే పిల్లల్ని ఎంతమందినో చూశాను. కడుపునొప్పి, మంట అంటూ చివరికి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. మొదటి రోజే పెద్ద తరగతి అక్కను అడిగి చూసి రండి. హైస్కూల్లో ఉండే ఈ ఐదేళ్లలోనే మీలో చాలామంది పెద్దమనిషి అవుతారు. బడిలో ఉండగా అలా జరిగితే కంగారు పడకండి, ఎవరైనా ఒక మేడం దగ్గరికి వెళ్లి చెప్పండి. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

చదువు సంగతికొస్తే, ఆరు సబ్జెక్టులు: తెలుగు, హిందీ, ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, సోషల్. సైన్సు ఎనిమిదిలో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా విడిపోతుంది, దాని గురించి ఇప్పటి నుంచే దిగులొద్దు. లెక్కల్లో సున్నా కన్నా చిన్న సంఖ్యలు వస్తాయి, కాస్త వింతగా ఉంటుంది. హిందీ మీలో చాలామందికి అక్షరాల దగ్గర్నుంచీ కొత్తే. మొదటి ఎఫ్ఏ పరీక్షలో మార్కులు తగ్గితే ఏడవకండి. టైంటేబుల్ రాసుకుని ఆ రోజు పుస్తకాలే తీసుకెళ్లండి, అన్నీ మోస్తే భుజాలు పడిపోతాయి.

పనుల కోసం వలస వెళ్లొచ్చిన వాళ్ల పిల్లలు కొందరున్నారు. మీ రికార్డ్ షీటు, అంటే పాత బడి వాళ్లు ఇచ్చే కాగితం, చేతికి రావడం ఆలస్యమైందని ఇంట్లో ఆగిపోకండి. కాగితం ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకపోవడం కుదరదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు గాయపడేలా వేధించకూడదు అని కూడా ఆ చట్టమే చెబుతుంది. ఎవరికీ చెప్పుకోలేని కష్టం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఆ నంబరు పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకోండి.

తొమ్మిది, పది చదువుతున్న మన ఊరి పిల్లలూ, ఇది మీకు. మొదటి వారం ఒక్కొక్కరు ఒక్కో ఆరో తరగతి పిల్లనో పిల్లాడినో వెంటబెట్టుకుని వెళ్లండి. కుళాయి, భోజనాల లైను, లైబ్రరీ గది, హెచ్ఎం గారి గది చూపించండి. మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని తినండి. మొదటి వారం పక్కన ఒక అక్కో అన్నో ఉన్న పిల్లలు బడి మానేస్తామని ఇంటికి పారిపోవడం నేను చూడలేదు.

ప్రేయర్‌లో అంతమంది మధ్య నిలబడితే మొదట గుండె దడదడలాడుతుంది. కానీ ప్రతిజ్ఞ మొదలవగానే మీకు తెలిసిన మాటలే వినబడతాయి. దాన్ని పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుండగా మన తెలుగులోనే రాశారు. ఆ తర్వాతే మిగతా భాషల్లోకి వెళ్లింది. చిన్న బడిలో చెప్పినంత గట్టిగానే అక్కడా చెప్పండి.

బడులు తెరిచేదాకా రోజూ సాయంత్రం మా అరుగు మీదే ఉంటాను. ఒక కాపీ పుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి, శిరోరేఖ ఎక్కడ ఆపాలో నేర్పిస్తాను. అరుగు చివర కూర్చున్నవాళ్లకు నా పలక కనబడకపోతే వెంటనే చెప్పాలి.

మీ
హిందీ టీచరమ్మ